నేను వదిలేసిన ఈల

సినిమా అంటే ఇష్టమున్నవాళ్లు ఒకసారి చూస్తారు, పిచ్చి ఉన్నవాళ్లు నాలుగుసార్లు చూస్తారు. నేను ప్రతి సినిమానీ ఐదుసార్లు చూసేవాణ్ణి, అందులో ఒక్కసారి కూడా కథ కోసం కాదు. థియేటర్లలోంచి దిగిపోయిన సినిమా డిస్కుల్లోకెక్కి ఇళ్లకు చేరేముందు దాని బొమ్మనీ శబ్దాన్నీ పరీక్షించడం నా ఉద్యోగం. నోయిడాలో ఒక పాత భవనం, మూడో అంతస్తు, కిటికీ లేని గది. ఈ రోజుల్లో డిస్కులెవరు కొంటారని చాలామంది అడిగేవారు. కొంటారు. ఆరు స్పీకర్లూ గోడంత టీవీ పెట్టుకుని, కర్టెన్లు మూసుకుని చూసే జాతి ఒకటుంది. వాళ్లు మామూలు మనుషులు కారు. చీకటి సీనులో నలుపు కాస్త బూడిదరంగుకి తిరిగిందంటే, పెళ్లి భోజనంలో పప్పులో ఉప్పు తగ్గినట్టు గోల చేస్తారు. ఆ గోల పుట్టకముందే దాని గొంతు నొక్కేవాణ్ణి నేను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మొదటిసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూడాలి. రెండోసారి రెండూ. మూడోసారి సబ్‌టైటిళ్లు. నాలుగోసారి తెర ఆపేసి, దీపాలార్పేసి, శబ్దం మాత్రమే వినాలి. దాన్ని ఆఫీసులో ‘అంధేరా రౌండ్’ అనేవాళ్లు. ఐదోసారి ఫారం ఒళ్లో పెట్టుకుని చూస్తూ, లోపం ఎన్నో నిమిషంలో ఉందో, ఎంత పెద్దదో రాయాలి. ఏమీ లేకపోతే ‘లోపాలు లేవు’ అని రాసి సంతకం చెయ్యాలి. సంతకమయ్యాక, ఆ పరీక్ష డిస్కు బయటికి పొక్కకుండా, పరీక్షించినవాడే దాన్ని తన చేత్తో రెండు ముక్కలుగా విరిచెయ్యాలి. టప్పున విరిగేది. ఆ చప్పుడంటే నాకు భలే ఇష్టం, పెద్ద పని పూర్తిచేసిన గర్వం ఉండేది అందులో. ఇప్పుడది తలుచుకోవాలంటేనే సిగ్గు.

హిందీ ట్రాకుకి ముగ్గురుండేవారు, తెలుగుకి నేనొక్కణ్ణే. పదేళ్లు. మా సార్ ఎవరొచ్చినా నన్ను చూపించి, “ఇస్‌కే కాన్ సోనే కే హైఁ” అనేవాడు. బంగారు చెవులట. నేను సిగ్గుపడినట్టు నటించేవాణ్ణి గానీ లోపల ఉబ్బి తబ్బిబ్బయ్యేవాణ్ణి. గుంటూరు వైపు ఒక చిన్న ఊళ్లో లెక్కల్లో తప్పి, తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడికి ఢిల్లీ దాకా వచ్చి ఏదో ఒకటి బంగారమైందంటే మరి ఉబ్బదా!

రెండో అంతస్తులో డిస్కు తయారుచేసే దీదీ ఉండేది. గఢ్వాల్ మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద, భర్త పోయాక కొడుకుని ఒక్కతే పెంచుకుంటోంది. బొమ్మనీ ఆరు స్పీకర్ల శబ్దాన్నీ సబ్‌టైటిళ్లనీ కుదించి, ఒక డిస్కులో పట్టేలా పేర్చడం ఆమె పని. ఆమె పేర్చింది నేను పరీక్షించేవాణ్ణి. అంటే వరసకి మేం బద్ధశత్రువులమవ్వాలి. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమె ముల్లంగి పరాఠాలూ నా గోంగూర పచ్చడీ ఒకే స్టూలు మీద చేరేవి. గోంగూరని ఆమె ‘ఖట్టీ చట్నీ’ అనేది, పుల్ల పచ్చడని. పేరు నేర్పడానికి పదేళ్లు ప్రయత్నించి మానుకున్నాను.

పోయిన చలికాలం ముందటి చలికాలంలో మొదలైంది. ఒక ప్రేమకథ డిస్కు పరీక్షిస్తున్నాను. హీరోయిన్ ఉత్తరం చదువుతూ మాట్లాడకుండా కూర్చున్న సీనులో సన్నగా ఈల. కుక్కరు ఈల కాదు, మనిషి ఈల కాదు, పాత టీవీ ఆన్ చేస్తే వచ్చేదే, అలాంటిది. ‘రెండో స్థాయి లోపం, ఈల’ అని రాశాను. మిక్సింగ్ ఇంజనీరు మీరట్ కుర్రాడు. వాడు శబ్దాన్ని కంప్యూటర్లో గీతలుగా పరిచి చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. ఈల ఉండాల్సినచోట నల్లగా, శుభ్రంగా, ఏమీ లేదు.

“భాయ్‌సాబ్, సీటీ ఫిల్మ్ మేఁ నహీఁ, ఆప్ కే కాన్ మేఁ హై” అని నవ్వాడు. ఈల సినిమాలో లేదు, నా చెవిలో ఉందట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.

ఆ ఆదివారం మునిర్కాలో మా ఇంట్లో అన్నీ ఆపేశాను. ఫ్రిజ్, ఇన్వర్టరు, వైఫై పెట్టె, గీజరు. చివరికి మెయిన్ కూడా దించేశాను. పొద్దున్న తొమ్మిదిగంటలు, కింద సందులో ఎదురెదురుగా ఇరుక్కున్న రెండు స్కూటర్లవాళ్ల వాదులాట తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఈల ఉంది. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఉంది. చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. ఇంకా బాగా ఉంది.

“ఏందండీ, కరెంటు తీసేసి ఆ తిరుగుడేంది?” అని మా ఆవిడ గిన్నె చేత్తో పట్టుకుని వచ్చింది.

“బిల్లు ఎక్కువొస్తంది, ఎక్కడ కాలతందో చూస్తన్నా” అన్నాను. అదే మొదటి అబద్ధం. తర్వాత వాటికి లెక్క లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. దగ్గరలో వెళితే ఎవరైనా చూస్తారని ధౌలా కువాన్ దాటి వెళ్లాను. భయం ఎంత బుద్ధితక్కువ పని చేయిస్తుందంటే, చీటీ మీద మా తమ్ముడి పేరు రాయించాను. ఏం పని చేస్తారని అడిగితే బట్టల షాపన్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడు చెయ్యెత్తమన్నారు. అన్నీ విన్నాననే అనుకున్నాను. కాగితం మీద గీత మాత్రం మెట్లు దిగుతున్నట్టు కిందికి పోయింది. సన్నని శబ్దాలు సగానికి సగం పోయాయనీ, లేనిదాన్ని బుర్రే ఈలగా పూరిస్తోందనీ చెప్పాడు డాక్టరు. మందు లేదన్నాడు. “గట్టి శబ్దాలకి దూరంగా ఉండండి. మీది బట్టల షాపే కదా, ఇబ్బందేం లేదు” అన్నాడు.

ఇబ్బందేం లేదు! మెట్లమీద కూర్చుని ఏడ్చాను. నలభై మూడేళ్లవాణ్ణి, పట్టపగలు, ముక్కు చీదుకుంటూ. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. చెవులు పోయిన శబ్ద పరీక్షకుణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? అంతకంటే సిగ్గుపడాల్సిన మాట ఇంకోటుంది. ఉద్యోగం పోవడం కంటే, ఆ బంగారు చెవులు అనే మాట పోతుందేమోనని ఎక్కువ ఏడ్చాను.

ఇక అక్కణ్ణుంచి తేలు కుట్టిన దొంగ బతుకే. అంధేరా రౌండులో తెర కొద్దిగా వెలిగించుకునేవాణ్ణి, పెదాలు చూస్తే మాట అందుతుందని. డబ్బింగ్ సినిమాలో పెదాలకీ మాటకీ పొంతనుండదు గనక అదీ గడ్డిపోచే. డబ్బింగ్ స్క్రిప్టు ముందే తెప్పించుకుని బట్టీపట్టేవాణ్ణి. చదివింది విన్నాననుకునేవాణ్ణి. ఇంట్లో ప్రతి మాటకీ ఆఁ, ఆఁ అంటుంటే మా ఆవిడ, “నేను మాట్లాడతంది మీతోనా, గోడతోనా?” అని విసుక్కునేది. పదకొండేళ్ల మా అమ్మాయి తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబిస్తుంది, అదీ నోట్లోనే గొణుగుతుంది. దాని మీద అరిచేవాణ్ణి, మాట నమిలి మింగుతావేంటని. తప్పు నాదని తెలిసే అరిచేవాణ్ణి.

అలా ఉండగా ఆ సూపర్‌హీరో సినిమా వచ్చింది. పెద్ద పని. ఉత్త అట్ట కవరులో కాదు, రంగురంగుల రేకు పెట్టెలో, ఎప్పటికీ దాచుకునేలా వచ్చే డిస్కు. కొనేవాళ్లు ముందే పేర్లు రాయించుకున్నారట. ఆ హీరో ముఖానికి ముసుగు, ముక్కు కింద నుంచి గడ్డం దాకా లోహం. పెదాలు కనపడవు. మొదటిసారి చూసినప్పుడు నా కర్మకి తగ్గ హీరోని పంపించారనుకున్నాను. దీదీకి కూడా ఆ వారమే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, శబ్దాన్ని ఇంకాస్త తక్కువ చోటులో కుదించేది. “కొంచెం చూసి విను భయ్యా, నాకింకా దీనిమీద నమ్మకం లేదు” అని హిందీలో చెప్పి మరీ డిస్కు చేతిలో పెట్టింది.

అంధేరా రౌండులో, గంటా పది నిమిషాల దగ్గర, హీరో ఎత్తైన మేడ అంచున ఒంటరిగా కూర్చునే సీను. సంగీతం లేదు. గాలి, ముసుగులోంచి అతని ఊపిరి. ఆపైన ఈల.

ఆపాను. ఈల ఉంది. మళ్లీ నడిపాను. ఉంది. కొంచెం ఎక్కువగా ఉన్నట్టుందా? మళ్లీ ఆపాను. పదిహేనుసార్లు చేశాను. సినిమాదో నాదో తెలియడంలేదు. ఉప్పునీళ్లలో ఉప్పు వేసి, వేశారా లేదా అని అడిగితే ఏం చెబుతారు?

తేల్చుకోవడానికి దారి ఉంది. మీరట్ కుర్రాడి గది పది అడుగుల దూరం. గీతలు పరిచి చూడమంటే రెండు నిమిషాల పని. తలుపు దాకా వెళ్లాను కూడా. లోపల వాళ్లు దేనికో నవ్వుకుంటున్నారు. మళ్లీ లేని ఈల గురించి అడిగితే, ఈసారి నవ్వి ఊరుకోరు, చెవులు పరీక్ష చేయించుకోమంటారు. వెనక్కి వచ్చాను. ఫారంలో ‘ఈల’ అని రాసి, కొట్టేసి, ఆ ఫారం చింపేసి, కొత్తది తీసుకున్నాను. లోపాలు లేవు. సంతకం. డిస్కు టప్పున విరిచేశాను.

ఆ సాయంత్రం సార్ దీదీతో సబ్‌టైటిల్లో ఒక అక్షరం తప్పుందని చెప్పి దిద్దమన్నాడు. నోటిమాటగానే. ఆమె దిద్ది, డిస్కుని మళ్లీ పేర్చి, ముద్రణకి పంపించింది. అలాంటి చిన్న దిద్దుబాట్లు మామూలే.

పెట్టెలు మార్కెట్లోకి వచ్చాక, పనిచేసినవాళ్లకి తలా ఒకటి ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి పెట్టమని పోరుపెట్టింది. సగం సినిమా అయ్యాక హఠాత్తుగా చెవులు మూసుకుంది.

“పాపా, యే సీటీ క్యోఁ బజ్ రహీ హై?”

“ఏ ఈలమ్మా?” అన్నాను.

“సున్ నహీఁ రహే? పూరీ ఫిల్మ్ మేఁ హై. బహుత్ ఇరిటేటింగ్.”

మా ఆవిడ కూడా వంటింట్లోంచి, “అవునండీ, సినిమా అంతా సన్నగా కీ అంటంది. చెవుల్లో జోరీగ లాగా” అంది.

ఇది చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఉంది! సినిమాలోనే ఉంది! నేను విన్నది నిజం! మా అమ్మాయిని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాను. అది “పాపా, ఛోడో!” అని గింజుకుంది. కిందికి దించాక గానీ నేను సంతకం పెట్టింది గుర్తుకు రాలేదు.

సోమవారం ఆఫీసులో గోల అప్పటికే మొదలైపోయింది. కొన్నవాళ్లు తిట్టిపోస్తూ రాస్తున్నారు. తెలుగు ట్రాకులో మాత్రమే ఈల. బొమ్మ అద్దంలా ఉంది, శబ్దం చేతకానివాళ్ల చేతిలో పడిందని ఒకడు రాశాడు. పెట్టెలన్నీ వెనక్కి తెప్పించాలి. సార్ నా ఫారం చేతిలో పట్టుకుని అందరికీ చూపిస్తున్నాడు.

“ఇతని చెవి పొరపాటు పడదు. ఇతను లోపాలు లేవన్నాడంటే లేవు. అంటే పరీక్ష అయ్యాక ఎవరో శబ్దాన్ని ముట్టుకున్నారు.”

పరీక్ష అయ్యాక డిస్కుని ముట్టుకుంది దీదీ ఒక్కతే. ఆ రోజు సాయంత్రం ఆమె సాఫ్ట్‌వేర్ నడిచినట్టు కంప్యూటర్లో సమయంతో సహా ఉంది. అక్షరం మాత్రమే దిద్దానని ఆమె చెబుతోంది. దిద్దినప్పుడు పాత ఫైలు చెరిగిపోయింది గనక, ఈల ముందునుంచీ ఉందని నిరూపించడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం నేను విరిచేసిన డిస్కు. లోపం చేస్తే మందలిస్తారు, కొత్త సాఫ్ట్‌వేర్ మీదికి పోతుంది. సంతకమయ్యాక చెప్పకుండా శబ్దం మార్చడమంటే మాత్రం మా పనిలో దొంగతనం కింద లెక్క. ఆమెని తీసేస్తారు, ఇంకెక్కడా పెట్టుకోరు.

దీదీ నా వైపు చూసింది. కోపంగా కాదు. “భయ్యా, నువ్వు విన్నప్పుడు నిజంగా లేదా?” అని అడిగింది. నన్ను అనుమానించి కాదు, తన చేతిమీద తనకే అనుమానం వచ్చి అడిగింది. నా మీద ఆమెకున్న నమ్మకమే ఆమె గొంతుకి ఉరితాడైంది.

నేను నా గదిలోకి వెళ్లిపోయాను. ఒంటిగంటకి స్టూలు దగ్గరికి వెళ్లలేదు. బాత్రూంలో నిలబడి, కొళాయి తిప్పి, నీళ్ల చప్పుడు కింద ఈల వింటూ గంటసేపు ఉన్నాను. మర్నాడు కూడా నోరు తెరవలేదు. ఆ రెండు రోజులూ నేను మనిషిని కాను. మెట్రో మెజెంటా లైనులో మునిర్కా నుంచి బొటానికల్ గార్డెన్ దాకా నిలబడి, నా పక్కన ఉన్నవాళ్లందరికీ చెవులున్నాయి, నాకు చెవులతోపాటు ఇంకేదో కూడా లేదనుకున్నాను. బుధవారం పొద్దున్న దీదీ తన సొరుగు ఖాళీ చేసుకుంటుంటే చూశాను. స్టీలు టిఫిను డబ్బా, కొడుకు ఫొటో, నేనెప్పుడో ఇచ్చిన గోంగూర సీసా, కడిగి తుడిచింది.

తిన్నగా సార్ గదిలోకి వెళ్లి, ఈల ముందునుంచీ ఉందనీ, నేను విన్నాననీ, నా చెవిదనుకుని వదిలేశాననీ చెప్పాను. నా చెవులు పోయి ఏడాది దాటిందని కూడా చెప్పాను. సార్ తల అడ్డంగా ఊపాడు.

“దీదీని కాపాడ్డానికి అబద్ధం చెబుతున్నావు. నీ మంచితనం నాకు తెలియదా?”

సంచిలోంచి డాక్టరు కాగితం తీసిచ్చాను. ఆయన చదివాడు. “ఇదెవరు? పేరు నీది కాదు. ఇక్కడ బట్టల షాపని ఉంది.”

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెవులున్నాయని ఏడాదిపాటు రుజువు చేసుకున్నవాణ్ణి, ఇప్పుడు లేవని రుజువు చేసుకోలేక నిలబడ్డాను. తమ్ముడి పేరన్నాను, భయపడి రాయించానన్నాను. చెబుతున్నకొద్దీ ఇంకా అబద్ధంలాగే ఉంది. ఆయన కాగితం నా చేతిలో పెట్టేశాడు. అప్పుడు నేను, పదేళ్లలో మొదటిసారి, ఆయన బల్ల మీద చరిచాను.

“పరీక్ష పెట్టండి సార్! నా గదిలోనే, నా కుర్చీలోనే. మీరే దగ్గరుండి పెట్టండి!”

పెట్టారు. మీరట్ కుర్రాడు సినిమాలోంచి ఈలని మాత్రం వేరుచేసి, కొద్దిసేపు మోగించి, కొద్దిసేపు ఆపుతాడు. మోగినంతసేపూ నేను చెయ్యెత్తి ఉంచాలి, ఆగగానే దించాలి. సార్ వెనక నిలబడ్డాడు. దీదీని కూడా పిలిపించారు, తలుపు దగ్గర నిలబడింది. దీపాలార్పేశారు. నా కుర్చీ వెనకవైపు వాళ్ల బల్ల మీది చిన్న వెలుగు తప్ప ఏమీ లేదు. “షురూ కర్తే హైఁ” అన్నాడు కుర్రాడు, మొదలుపెడదామని.

ఈల వినపడింది. చెయ్యెత్తాను. శుభ్రంగా, సన్నగా, పక్కాగా వినపడుతోంది. ఆగుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆగలేదు. భుజం లాగుతోంది. ఇంత సేపు ఎందుకు మోగిస్తున్నాడు, నన్ను ఏమార్చాలని చూస్తున్నాడా అని కోపం వచ్చింది. ఒక్కసారైనా సరిగ్గా దించాలని పళ్లు బిగించి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, దీదీని కాపాడాలని వచ్చినవాణ్ణి ఆ చీకట్లో అదంతా మరిచిపోయాను. పరీక్షలో నెగ్గాలనిపించింది నాకు.

వెనక కీబోర్డు మీద టకటకలు ఆగిపోయాయి.

“భాయ్‌సాబ్,” అన్నాడు కుర్రాడు. ఎంత మెల్లగా అన్నాడో, రెండోసారి అంటే గానీ వినపడలేదు. “ఫైల్ ఇంకా తెరుచుకోలేదు. ఇంకా మొదలుపెట్టలేదు.”

నా చెయ్యి అలాగే ఉంది. దించమని దానికి చెప్పడం నాకు చేతకాలేదు, ఎందుకంటే ఈల ఇంకా మోగుతూనే ఉంది.

దీదీ తలుపు దగ్గర్నుంచి వచ్చింది. “బస్ భయ్యా, బస్” అంటూ నా మణికట్టు పట్టుకుని, చెయ్యి కిందికి దించి, నా ఒళ్లో పెట్టింది.